నూకాలు కాలు మడిచిన రోజు

అనగనగా ఒక ఊళ్ళో నూకాలు అని నీ అంత పిల్ల ఉండేదిట. బడి లేని రోజున పిల్లలంతా పంకజం వాళ్ళ పెరట్లో చేరి గుజ్జనగూళ్ళు ఆడేవాళ్ళు. ఉత్తుత్తి వంట కాదమ్మా, నిజం వంటే. పంకజం నాయనమ్మ అరుగు మీంచి పొయ్యి కనిపెట్టుకుని ఉండేది. ఒకరు గుప్పెడు బియ్యం తెస్తే ఇంకొకరు బెల్లంముక్క. గరిటె తిప్పినవాళ్ళే అందరికీ వడ్డించాలి. ఆ ఆటలో అదీ గొప్ప.

"నూకాలూ, తాగడానికి నీళ్ళు పట్రావే. వచ్చాక గరిటె నీదే" అనేది పంకజం. నూకాలు కడవ చంకనెత్తుకుని నూతి దగ్గరికి పోయేది. తిరిగొచ్చేసరికి అన్నం ఉడికిపోయేది. "ఈసారికి నేనే తిప్పేశాలే" అనేది పంకజం. చూడు మరి, ఎంత అన్యాయమో.

ఒకసారి నూకాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. పుల్లల మోపు ఒక్క తన్ను తన్నింది. అప్పుడు పిల్లలు "నీతో జట్టు కటీఫ్" అన్నారు.

రెండోసారీ అంతే. తెచ్చిన నీళ్ళన్నీ పెరట్లో కుమ్మరించింది. "ఆడపిల్లకి అంత కోపమేమిటే" అని వాళ్ళమ్మ వీపు మీద ఒకటిచ్చింది. ఆడపిల్లకి కోపం రాకూడదని ఎవరు చెప్పారట? మోసం చేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

మూడోసారి వడ్డించిన ఆకునే తన్నింది. ఆ ఆకు పంకజానిది కాదు, దాని చెల్లెలు చిట్టిది. పాపం, చిట్టి ఏడవను కూడా లేదు. మట్టిలోంచి మెతుకులు ఏరుకుంది. నూకాలుకి ఏడుపొచ్చింది.

అప్పుడు నాయనమ్మ దాన్ని దగ్గరికి పిలిచింది. "కోపం వస్తే రానీ. నోరుండగా కాలితో మాట్లాడతావేమే పిల్లా?" అంది.

ఆ తర్వాత మళ్ళీ సెలవొచ్చింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పంకజం చేతిలో గరిటె. నూకాలుకి కోపం రాలేదనుకున్నావా? మునుపటంత కోపమూ వచ్చింది. కానీ ఆ తన్నే కాలు మడిచి, దాని మీదే బరువంతా వేసి పొయ్యి ముందు కూర్చుంది. గట్టిగా ఊపిరి పీల్చింది.

"నీళ్ళు నేను తెచ్చాను. ప్రతిసారీ నేనే తెచ్చాను. గరిటె ఇస్తానని నువ్వు ఇవ్వలేదు. నాకు కోపంగా ఉంది. ఇయ్యి."

పిల్లలంతా తెల్లబోయారు. ఇన్నాళ్ళూ అందరూ దాని కాలే చూశారు గానీ, దాని చంకలో కడవ ఒక్కరైనా చూశారా? "అవును, నూకాలక్కే తెచ్చింది" అంది చిట్టి. అప్పుడు ఒక్కొక్కరే తలలూపారు. పంకజం మొహం మాడ్చుకుని గరిటె ఇచ్చింది.

నూకాలు మొదటి ముద్ద చిట్టి ఆకులో పెట్టింది. ఆ తర్వాత పంకజానికీ పెట్టింది, కడుపు మాడ్చలేదు. అందరూ తిన్నాక ఖాళీ కడవ తెచ్చి పంకజం ముందు పెట్టింది.

"చేతులు కడుక్కోవాలి. ఈసారి నువ్వు పట్రా."

కథ కంచికి, కడవ పంకజానికి, కాళ్ళు ముడుచుకుని మనం మంచానికి.