కుంకుడు రసం, కాశ్మీరు శాలువా

మల్లెకోన నరహరిదేవు ప్రభువులకి రాజ్యం పోయి చాలాకాలమైంది గానీ, దర్బారు మాత్రం పోలేదు. రోజూ పొద్దున్నే కొలువు తీరాల్సిందే. సామంతులూ సైన్యమూ ఎక్కణ్ణుంచి వస్తారు? సలహాదారు పరాంకుశం గారు, డ్రైవరు పోలినాయుడు, ఒక ముసలి గుమస్తా, వంటామె రత్తమ్మ. ప్రభువులకి అది చాలు.

వైశాఖమాసంలో ఒకరోజు ప్రభువులు చెమటలు తుడుచుకుంటూ కొలువుకొచ్చారు.

"కారులో ఏసీ వేడిగాలి కొడుతోంది. మధ్యాహ్నం పెళ్లికి వెళ్లాలి. జరీకోటు వేసుకుని ఉడికిపొమ్మంటారా?"

"షెడ్డుకి తీసుకెళ్లి చూపిస్తాను ప్రభూ," అన్నాడు పోలినాయుడు.

ప్రభువులకి కోపం వచ్చింది. "మా తాతగారి పల్లకి ఏనాడైనా పరాయి గుమ్మంలో మరమ్మతుకి దిగిందా? కారైనా అంతే. కోటలోనే బాగుపడాలి. మీలో ఎవరు బాగుచేస్తారో చెప్పండి."

పరాంకుశం గారు ఉత్తరీయం సర్దుకుని లేచారు. ఆయనకి తెలియని విద్య లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోరు.

"గ్యాసు తగ్గింది ప్రభూ. డబ్బా తెప్పించి ఉంచాను, గొట్టం బిగించి నింపడమే. ఫోనులో ఆరు వీడియోలు చూశాను. కానీ నేను బాగుచేస్తే కారు తాళం మా బావమరిదికి ఇప్పించాలి. కారు జబ్బు తెలియని డ్రైవరు మనకెందుకు?"

"అలాగే," అనేశారు ప్రభువులు.

ఇరవై రెండేళ్లుగా ఆ తాళం పోలినాయుడి మొలతాడుకే ఉంది. అది లేకపోతే రేపు పొద్దున్న లేచి ఏం చేయాలో కూడా అతనికి తెలీదు.

"గ్యాసు ఊరికే తగ్గదు ప్రభూ, ఎక్కడో కారుతోంది. ముందు కుంకుడుకాయ రసం రాసి చూద్దాం. కారేచోట బుడగలొస్తాయి. అది సరిచేశాక నింపుకుంటే నిలుస్తుంది."

"కారుకి తలంటు పోస్తాడట," అన్నారు పరాంకుశం గారు. గుమస్తా నవ్వాడు. ప్రభువులూ నవ్వారు.

పరాంకుశం గారు ఇంజను ఆన్ చేయించి, గొట్టం బిగించి డబ్బా ఖాళీ చేశారు. ప్రభువులు చెయ్యి పెట్టి చూస్తే మంచులాంటి గాలి. "భేష్," అన్నారు.

ఇంజను ఆపి తొంగి చూశాడు పోలినాయుడు. పైపు అతుకు దగ్గర నూనె తడి. చెవి దగ్గరగా పెడితే సన్నగా బుస్సుమంటోంది. నింపిన గ్యాసు గంటకి మించి ఆగదు. ఆ మాట ఇప్పుడంటే కుళ్లుకుంటున్నాడంటారు. ప్రభువులేమో తాళం కోసం చెయ్యి చాపేశారు.

పోలినాయుడు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఇంత ఘనకార్యానికి ఉత్త తాళమేనా ప్రభూ? పరాంకుశం గారికి సన్మానం జరగాలి."

మల్లెకోనలో సన్మానమంటే ఆషామాషీ కాదు. కాశ్మీరు ఉన్నిశాలువా కప్పుతారు. ఉపన్యాసాలుంటాయి. ఆఖర్న ప్రభువుల వాహనంలో కోట చుట్టూ ఊరేగింపు. ప్రభువులు స్వయంగా తీసేదాకా శాలువా ఒంటిమీంచి దిగకూడదు. పన్నెండేళ్లుగా ఊరందరికీ సన్మానాలు ఏర్పాటు చేసిన పరాంకుశం గారికి తన వంతు మాత్రం ఎప్పుడూ రాలేదు పాపం. ఆ మాట వినగానే ఆయన డబ్బానీ గొట్టాన్నీ మరిచిపోయారు.

గుమస్తా పది నిమిషాలు పొగిడాడు. తర్వాత పరాంకుశం గారు జవాబు చెప్పడానికి లేచారు. తను పుట్టిన నక్షత్రంతో మొదలుపెట్టి అరగంటకి అయిదో తరగతిలోకొచ్చారు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా పోలినాయుడు చప్పట్లు కొట్టాడు. దాంతో ఆయన ఇంకో పావుగంట లాగించారు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఊరేగింపు మొదలైంది. వెనకసీట్లో శాలువాతో పరాంకుశం గారు, ముందు పోలినాయుడు. అద్దాలు బిగించి ఏసీ పెట్టారు. ఒక చుట్టు తిరిగేసరికి పోలినాయుడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనకాయన సంగతి అద్దంలో కనిపిస్తూనే ఉంది.

కారు మెట్ల దగ్గర ఆగింది. ప్రభువులు కిందికి దిగొచ్చారు.

"ఎలా ఉంది పరాంకుశం, చల్లగా ఉందా?"

అద్దం బెత్తెడు దిగింది. లోపల ముఖం కందగడ్డలా ఉంది. అయినా బావమరిది ఉద్యోగం గుర్తొచ్చింది కాబోలు.

"వణుకు పుడుతోంది ప్రభూ."

పోలినాయుడు చటుక్కున దిగి దండం పెట్టాడు.

"వణుకుతున్నారట ప్రభూ, రెండో శాలువా తెప్పించండి."

రత్తమ్మ అప్పటికే లోపలికి పరిగెత్తింది. ప్రభువులు రెండో శాలువా విప్పారో లేదో, కారు తలుపు తెరుచుకుంది. పరాంకుశం గారు మెట్లమీద కూలబడ్డారు.

"నన్ను క్షమించండి ప్రభూ. లోపల గాడిపొయ్యిలా ఉంది. ముందు ఈ శాలువా తీసేయండి."

ప్రభువులు ఆయన్ని చూశారు, చేతిలో శాలువాని చూశారు, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే శాలువా తీసి, మంచినీళ్లు ఇప్పించారు.

పోలినాయుడు కుంకుడు రసం తెచ్చి పైపు అతుకుమీద రాశాడు. గ్యాసు పూర్తిగా పోలేదేమో, నురగ బుడబుడా పొంగింది.

"ఇదిగో ప్రభూ, ఇక్కడ రబ్బరు రింగు అరిగిపోయింది. కొత్తది నా దగ్గరుంది. ఇంకో డబ్బా తెప్పిస్తే గంటలో బిగించి గ్యాసు నింపేస్తాను."

"తలంటు బాగానే పనిచేసిందయ్యా," అన్నారు పరాంకుశం గారు, చెంబు దించకుండానే.

"తాళం నీ మొలతాడుకే ఉండనీ పోలినాయుడూ," అన్నారు ప్రభువులు. "సన్మానం కూడా నీదే." అంటూ కాశ్మీరు శాలువా అతని భుజాల మీదికి ఎత్తారు.

పోలినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కారు చల్లబడ్డాక కప్పండి ప్రభూ."