దమయంతి ఫోను

విశ్రాంత న్యాయమూర్తి కోదండపాణి గారి దగ్గర చట్టం నేర్చుకున్న హైమవతికి, ప్రభుత్వం ఎవరెవరి ఫోన్లు వింటోందో సమీక్షించే కమిటీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరేముందు గురువుగారిని చూడ్డానికి వచ్చి అడిగింది: "మాస్టారూ, వినాలంటే పై అధికారి రాతపూర్వక ఆదేశం ఉండాలి. దాన్ని మళ్ళీ కమిటీ చూడాలి. ఇంత కట్టుదిట్టం ఉన్నాక తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?"

ఆయన వాదించలేదు. తనూ ఒకప్పుడు అలాంటి కమిటీలో కూర్చున్నానని చెప్పి, ఈ సంగతి చెప్పారు.

జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే దమయంతి, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకి అండ. ఎవరు ఫోన్ చేసినా వెళ్ళి తీసుకొచ్చి, ఎక్కడో ఒకచోట దాచేది. ఒకరోజు చేపల బజారులో, అలా తన అండ కోరిన నీలవేణి అనే అమ్మాయి మొగుడు ఎదురయ్యాడు. పోలీసుశాఖలో ఫోన్లు వినే గదిలో అతని డ్యూటీ. "మీ చెల్లెలికి గర్భసంచి తీసేశారటగా, ఇప్పుడెలా ఉంది?" అని నవ్వుతూ అడిగాడు. ఆ మాట దమయంతి చెల్లెలితో ఫోన్లో తప్ప ఎక్కడా అనలేదు. చేపలు కొనకుండానే ఇంటికొచ్చేసింది.

ఆనాటినుంచి ఫోన్ మోగినా ఆమె ఎత్తడం మానేసింది. తను పలికితే చాలు, ఎవరెక్కడ దాక్కున్నారో అతనికి తెలిసిపోతుంది. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నీలవేణి ఫోన్ చేసింది. ఆగకుండా పదకొండుసార్లు. దమయంతి ఆ ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి, మూత బిగించి, మూత మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. సాయంత్రానికి నీలవేణిని ఆసుపత్రిలో చేర్చారు. ఎడమ కన్ను పోయింది.

"రెండు నెలలకి ఆ ఫోన్ వినమన్న ఆదేశం మా కమిటీ ముందుకొచ్చింది. వినాల్సింది వేరే ఎవరిదో. నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఆపించాం, రికార్డులు చెరిపించాం. అరనిమిషం పట్టింది. కాగితం మీద మనిషి పేరు కూడా లేదు."

ఆయన మిగతాదీ చెప్పారు.

"కొన్నేళ్ళకి న్యాయసహాయ శిబిరంలో దమయంతి నా ముందు కూర్చుంది. దరఖాస్తు మీద నంబరు చూశాను. చివర నాలుగు ఏడులు. ఆ నంబరు నేను మరిచిపోలేదు. జరిగిందంతా చెప్పి అడిగింది: 'అయ్యా, నిజంగానే నా ఫోన్ విన్నారంటారా? లేక నాకే పిచ్చిపట్టి ఆ పిల్లని వదిలేశానా?'"

హైమవతి అడిగింది: "మీరేం చెప్పారు మాస్టారూ?"

"కమిటీ విషయాలు రహస్యం. ఆవిడకేమీ చెప్పలేదు," అన్నారు కోదండపాణి గారు. "చట్టప్రకారమే నడుచుకున్నానమ్మా."