రెండో దారి బాగున్నది

ఓదెలు సార్‌ను ఏదైనా అడిగితే కూర్చున్నచోట జవాబు దొరకదు. ముప్పై ఏళ్ళుగా బొగ్గుబావిలో పనిచేస్తూ, షిఫ్టు భద్రత చూసే సర్దారు ఉద్యోగానికి పరీక్ష రాసేవాళ్ళకు పాఠాలు చెప్పే ఆ మనిషి, ప్రశ్న వేసినవాణ్ణి లేపి నడిపిస్తాడు. అందుకే తెలివైనవాళ్ళు ఆయనకు మోకాళ్ళ నొప్పులున్న రోజు చూసి అడుగుతారు.

రాజేశానికి ఆ ఉపాయం తట్టలేదు. పరీక్ష పాసై సర్దారయిన మొదటి వారంలోనే రిపోర్టు కాగితం పట్టుకుని బావి లోపల ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆ షిఫ్టులో దిగిన అరవై మందికీ ప్రమాదం లేదని సంతకం పెట్టవలసినవాడు ఇప్పుడు అతనే.

"సార్, గీ 'సెకండ్ ఈగ్రెస్' ఏంది? ఎగ్జిట్ అంటే సరిపోదా? బయటికి పోయే దారే గదా!"

"ఆ గడిల ఏం రాసినవ్?"

"ముందటోళ్ళు రాసినట్టే రాసిన. 'బాగున్నది' అని."

"సూసినవా?"

రాజేశం నవ్వేశాడు. రోజూ పెద్ద దారినే దిగి ఎక్కుతుంటే, అది మూసుకుపోతే వాడుకొమ్మని పెట్టిన రెండో దారి ముఖం ఎవరు చూస్తారు? ఓదెలు సార్ నవ్వలేదు. టోపీ దీపం వెలిగించి "పా" అన్నాడు.

గంటసేపు ఎక్కారు. చీలమండల లోతు నీళ్ళు, విరిగిన ఆసరా దిమ్మెలు, ఒకచోట పొట్టమీద పాకవలసిన సందు. రాజేశానికి ఊపిరి అందలేదు, కోపం వచ్చింది. ఇంత చిన్న మాటకు ఇంత శిక్షా అనుకున్నాడు. చివరికి పైన వెలుతురు కనబడితే ప్రాణం లేచివచ్చింది. దగ్గరికి వెళ్తే ఇనుప గేటు. అవతల ఎండలో తుమ్మచెట్లు, ఎవరివో మేకలు. గేటుకు బయటివైపున కొత్త తాళం.

"తాళపుచెవి ఆఫీసుల ఉన్నది సార్. గోడకు చూసిన," అన్నాడు రాజేశం. అన్నాక ఆ మాట అతనికే వినబడినట్టయింది. ఆఫీసుకు వెళ్ళాలంటే ముందు బయటపడాలి.

ఓదెలు సార్ చువ్వల సందులోంచి చెయ్యి పెట్టి ఆ తాళాన్ని గుంజి చూశాడు. తరువాత రాజేశం చెయ్యి పట్టుకుని గేటు కింది చువ్వ మీద పెట్టాడు. చువ్వ బయటికి వంగి ఉంది.

"పందొమ్మిదేండ్ల కింద బావి అడుగునుంచి పొగొచ్చింది. ఏడుగురు ఈడిదాంక ఎక్కిండ్రు. మేం బయటినుంచి తాళం పగలగొట్టేసరికి ఆళ్ళ దీపాలు ఇంక వెలుగుతనే ఉన్నయి. ఈ చువ్వ పట్టుకున్నోడు మా తమ్ముడు. ఆని చేతి ఏళ్ళు ఒక్కొక్కటి ఇడిపించిన. తర్వాత తాళం తీసేసిండ్రు. లోపలి కేబులు దొంగలు కోస్తున్నరని మళ్ళ ఎప్పుడు ఏసిండ్రో, నాకే ఎరుక లేదు."

రాజేశం చెయ్యి తీయలేకపోయాడు. భయమేసింది. కింద ఉన్న అరవై మందిలో అతని మేనమామ కూడా ఉన్నాడు. జేబులోంచి కాగితం తీసి, 'బాగున్నది' అన్నదాన్ని కొట్టేశాడు.

"ఆ రోజు రిపోర్టు ఎవరు రాసిండ్రు సార్?"

ఓదెలు సార్ అప్పటికే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే దిగుతున్నాడు.

"నేనే. 'ఈగ్రెస్' మాటకు అర్థం నాకప్పుడు గూడ ఎరుకే. పరీక్షల పూర్తి మార్కులు పడ్డయి."