బతికినవాళ్ళ సాక్ష్యం

వాంతుల జబ్బు రాజ్యాన్ని ఊడ్చేస్తోంది. ఆస్థానవైద్యుడు త్రివిక్రమశాస్త్రి తన భస్మం తిని బతికిన పదిమందిని సభలో నిలబెట్టాడు. ఇకపై అందరూ భస్మమే తినాలనీ, జనం ఇంటిమందుగా తాగుతున్న ఉప్పుగంజి తాగితే శిక్షేననీ రాజు ఆజ్ఞాపత్రం మీద ముద్ర వేయబోయాడు.

కాటికాపరి పోలి అడ్డొచ్చింది. ఆమె కూతురి ప్రాణం ఉప్పుగంజి మీదే నిలిచి ఉంది.

“బతికినోళ్ళని తెచ్చారు, సరే. భస్మం తిని నా దగ్గరికొచ్చినోళ్ళ మాటేంటి శాస్త్రులయ్యా?”

“శవాలు కాల్చేదానివి, నీకు వైద్యమేం తెలుసే?”

“వైద్యం తెలీదు. ఏ వీధి నుంచి ఎన్ని పాడెలొచ్చాయో తెలుసు. దొరా, తూర్పువీధి భస్మం తింది, పడమటివీధి గంజి తాగింది. రెండు వీధులోళ్ళనీ పిలిచి, ఏది పనిచేసిందో వాళ్ళనే అడగండి.”

రాజు దండోరా వేయించాడు. పడమటివీధి జనంతో కోట వాకిలి నిండిపోయింది. తూర్పువీధి నుంచి దండోరావాడొక్కడే తిరిగొచ్చాడు.

“ప్రభూ, అక్కడ తలుపు తీసేవాళ్ళు లేరు.”

రాజు ఆజ్ఞాపత్రం చింపేశాడు.