మంచుకొండమ్మ ఆరో గద్దె

మంచుకొండ ఎక్కి వచ్చే భక్తులు ముందుగా గంట కోసం వెతుకుతారు. ఈ సన్నిధిలో గంట లేదు, డప్పు లేదు, మైకు అసలే లేదు. ఆ తరువాత వారు గద్దెలు లెక్కపెడతారు. కొండ కింది ఊట నుంచి శిఖరం దాకా రాతి గద్దెలు ఏడు. కింది ఐదూ ఖాళీ. ఆరోదాని మీద అమ్మవారు పసుపు కుంకుమలతో కొలువై ఉంటుంది. శిఖరాన ఉన్న ఏడోది మళ్లీ ఖాళీ. అంత పైకి వెళ్లిన తల్లి ఒక మెట్టు దిగిందేమిటని అడగని యాత్రికుడు ఉండడు. ఆ దిగిన మెట్టులోనే ఈ స్థల మహిమంతా ఉంది.

పూర్వం ఇక్కడ మంచు కొండ పాదం దాకా దిగేది. వైశాఖంలో కూడా కంబళి కప్పుకునేవారట. ఆ రోజుల్లో పాంగి బుద్రి అనే పడుచు ఈ వాలులో మేకలు కాసేది. ఒక తొలకరి నాడు ఊట పక్కన నాచు పట్టిన బండ కింద, రెండు గులకరాళ్లు తట్టినట్టు టుక్కు టుక్కుమనే పలుకు విని వంగి చూసింది. చింతగింజంత కప్ప, పసుపు వన్నెది! అంత చిన్న గొంతుకు కొండంతా బదులు పలుకుతుంటే ఆమె ఒళ్లు పులకరించింది. మేకలు ఎటు పోయాయో కూడా చూసుకోలేదు.

ఆనాటి కలలో మంచుకొండమ్మ కనిపించింది. "వాడు నా బంటు. వాడు పలికే చోటే నా గద్దె. వాడు పలికాకే నా పండగ" అని ఆనతిచ్చింది. ఊరివారు మొదటి గద్దె ఆ బండ దగ్గరే కట్టి, అమ్మవారి రాయిని నిలిపారు. బంటు పలుకు వినబడాలని గంట మాత్రం కట్టలేదు.

కొన్నేళ్లకు ఊట వెచ్చబడింది, పలుకు ఆగింది. అమ్మ అలిగిందని అందరూ బెంబేలెత్తిపోయారు. బుద్రి మాత్రం చెవులు రిక్కించుకుని కొండెక్కి, పైన చల్లని చోట బంటు జాడ పట్టింది. రాయిని అక్కడికి చేర్చి రెండో గద్దె కట్టారు. ఆపైన మూడోది, నాలుగోది. పలుకు ఆగినప్పుడల్లా బుద్రి పైకి వెళ్లేది, రాయి ఆమె వెంట వెళ్లేది. అమ్మ ఆచూకీ తెలిసిన మనిషి అని ఆమెకు గొప్ప పేరొచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

పైగా అందరూ కలిసి ఒక పొరపాటు చేశారు. అమ్మ విడిచిన చోటంటే తమకు ఇచ్చిన చోటే అనుకున్నారు. గద్దె పైకి వెళ్లగానే కింది అడవిని కొట్టి, కాల్చి, పోడు చేసుకున్నారు. అమ్మ ఆరో గద్దె విడిచాక అక్కడ అడవి కాల్చి వేసిన చోడి (రాగి) చేను బుద్రిదే.

ఏడో గద్దె శిఖరాన కట్టిననాటికే ఆమె తల నెరిసింది. కింద ఆ చేను పంటకొచ్చేసరికి శిఖరాన కూడా బంటు పలుకు సన్నబడింది. బుద్రి అలవాటుగా తలెత్తి పైకి చూసింది. పైన ఆకాశం తప్ప మరేమీ లేదు.

"ఇంకెక్కడికి మొయ్యనమ్మా?" అని కలలో ఏడ్చింది.

"ఆరుసార్లు మోశావు. మోసిన ప్రతిసారీ నా వెనకే నిప్పు పెట్టారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదే బిడ్డా! మోస్తే నా దగ్గరికి చల్లదనాన్ని మొయ్యి" అంది తల్లి.

తెల్లవారగానే బుద్రి చేనును అడవికి విడిచిపెడతానంది. పెనిమిటి దొన్ను కొడవలి పట్టుకుని అడ్డం వచ్చాడు.

"ఒలే, పండిన సోడి సేను అడివికి వొగ్గెత్తావేటే? మనం ఏటి తింతాం?"

"మనకి దిగడానికి కింద నేలున్నాది మావా. బంటుకి ఎక్కడానికి పైన ఏటున్నాది?"

దొన్ను కొడవలి పక్కన పెట్టాడు. మరునాడు నీళ్ల కావడి అతనే భుజానికెత్తుకున్నాడు.

ఇద్దరూ లోయ నుంచి నీళ్లు మోశారు, మొక్కలు నాటారు, బండలకు నాచు అతికించారు. ఈలోగా బంటు పలుకు పూర్తిగా ఆగిపోయింది. మూడేళ్లు పండగ లేదు. ముసల్ది చేనుతో పాటు అమ్మను కూడా పోగొట్టిందని తిట్టినవాళ్లున్నారు. నాలుగో తొలకరి నాడు బుద్రి ఏడో గద్దె దగ్గర ఒంటరిగా కూర్చుని ఉండగా టుక్కు టుక్కుమంది. శిఖరం మీద కాదు, కింద, తన చేనులో. రాయిని గుండెకు హత్తుకుని ఆ ముసలితల్లి ఏడుస్తూ నవ్వుతూ దిగివచ్చింది. దేవతను పైకెక్కించి మొక్కేవారు ఎందరో ఉంటారు గానీ, తన తిండి వదులుకుని ఒక మెట్టు కిందకు దింపుకున్న బుద్రి వంటి మనిషి మరొకరు ఉంటారా?

ఈనాటికీ తొలకరి తరువాత భక్తులు కొబ్బరికాయకు బదులు కుండెడు నీళ్లు, ఒక అడవి మొక్క తెస్తారు. ఐదో గద్దె దాటాక నిప్పు వెలిగించరు, హారతి కూడా ఇవ్వరు. అందరూ నోరు మూసుకుని నిలబడతారు. బంటు పలికాకే బుద్రి మునిమనవడైన పూజారి అమ్మకు పసుపు అద్దుతాడు. ఇక్కడ మొక్క నాటినవారి ఇంట చలువకు, నీటికి లోటుండదని పెద్దల మాట.

రెండేళ్లుగా ఆ పలుకు ఆలస్యమవుతోంది. అదీ ఏడో గద్దె వైపు నుంచి వస్తోంది. కొండవారు పోడు మాని తరాలైంది. ఇప్పటి ఈ వేడి, కింద మైదానంలో మనం పెట్టిన పొగది. రాయిని మళ్లీ శిఖరానికి చేర్చుదామని కొందరంటే, పూజారి ఒప్పుకోలేదు. "రాయి మొయ్యం బాబూ. నీళ్లే మోత్తాం" అన్నాడు.

కాబట్టి భక్తులు కుండ నిండుగా తెచ్చుకోవాలని మనవి. ఎనిమిదో గద్దె కట్టడానికి ఇక కొండ లేదు.