విప్పకూడని ముడుపు

ఎప్పటి మాటో నాకూ తెలియదు గానీ పిల్లలూ, కుంకుమగిరి అని ఒక రాజ్యం ఉండేది. దానికి మణికంధరుడు అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు కత్తిసాములో దిట్ట, రెండోవాడు విజయుడు గుర్రపుస్వారీలో దిట్ట. మూడోవాడు సుకేతుడు మాత్రం అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాడు. అమ్మ కువలయదేవి నేర్పిన అలవాటొకటి వాడికి ఒంటబట్టింది. ఎంత ఆకలిగా ఉన్నా సరే, మొదటి ముద్ద తీసి పక్కన పెట్టి, "స్వామీ, ఇది నీది" అని దండం పెట్టుకున్నాకే తినేవాడు. ఆ ముద్ద కాకి తిన్నా, చీమ తిన్నా స్వామి తిన్నట్టే.

ఒకసారి రాణికి పెద్ద జబ్బు చేసింది. వైద్యులు చేతులెత్తేశారు. రాజు తలస్నానం చేసి, తడిబట్టలతోనే పసుపుగుడ్డలో బంగారు కాసులు వేసి, కొండమీది నరసింహస్వామికి ముడుపు కట్టాడు. తెల్లారేసరికి రాణి లేచి కూర్చుంది. ముడుపంటే తెలుసుగా? ఒకసారి ముడి పడిందంటే ఆ సొమ్ము మనది కాదు, స్వామిది. కాలినడకన కొండెక్కి చెల్లించేదాకా ఆ ముడి విప్పకూడదు.

రాజు వెంటనే వెళ్ళొచ్చి ఉంటే నాకు చెప్పడానికి కథే ఉండేది కాదు. ఈ పున్నమికి పనుంది, వచ్చే పున్నమికి చూద్దామన్నాడు. ఇంతలో రత్నాల వర్తకుడి వేషంలో ఒకడు వచ్చాడు. వాడి పేరు స్వర్ణకేతుడు, ఏడు సముద్రాల అవతల ఉండే మాంత్రికుడు.

"మహారాజా, ఆ మూట నాకిప్పించండి. మీ ఖజానా బంగారంతో నింపేస్తాను. స్వామికేం తొందర? ఆనక దీనికి పదింతలు ఇచ్చుకోవచ్చు" అన్నాడు.

రాజుకు ఆశ పుట్టింది. ముడి విప్పి, కాసులు చూపించి, గుడ్డతో సహా వాడి చేతిలో పెట్టేశాడు. ఖజానా కప్పుదాకా నిండిపోయింది. అదే క్షణాన కొండమీద గుడిగంట మూగబోయింది. రాణి ఉన్నచోటే ఒరిగిపోయింది. ఊపిరి ఆడుతోంది గానీ కళ్ళు తెరవదు.

పూజారి వచ్చి చూసి, "వచ్చినవాడు వర్తకుడు కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే మాంత్రికుడు. వాడి దగ్గర్నుంచి ఆ ముడుపే తిరిగి రావాలి. ఇంకేమిచ్చినా రాణిగారు లేవరు" అన్నాడు.

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు గుర్రమెక్కి వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. అప్పుడు సుకేతుడు అమ్మ కాళ్ళకు మొక్కి, ఇన్ని అటుకులు మూటగట్టుకుని బయల్దేరాడు.

నడిచి నడిచి సముద్రపు ఒడ్డుకు చేరాడు. ఆకలేసి మూట విప్పి, మొదటి గుప్పెడు ఒక ఆకులో పెట్టి, "స్వామీ, ఇది నీది" అన్నాడు. చెట్టుమీది గూట్లోంచి రెండు గండభేరుండం పిల్లలు దభీమని దూకి ఆ అటుకులు గబగబా తినేశాయి. ఇంతలో ఎండ మాయమైంది. మబ్బు పట్టిందేమోనని తల ఎత్తి చూస్తే, రెండు తలల తల్లిపక్షి దిగుతోంది!

"నా పిల్లల కడుపు నింపావు, నాయనా. ఎక్కు, ఎక్కడికి వెళ్ళాలో చెప్పు" అంది.

అలా ఏడు సముద్రాలు దాటారు. ఉప్పు సముద్రం దాటితే చెరకురసం సముద్రం, ఆ గాలి పీలిస్తేనే నాలుక తియ్యనైపోయింది. కల్లు సముద్రం మీద పక్షి రెండు తలలూ కాస్త తూలాయి. నేతి సముద్రం, పెరుగు సముద్రం దాటాక పాలసముద్రం వచ్చింది. అలల్లేవు, చప్పుడు లేదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే తెలుపు.

"మాట్లాడకు," అంది పక్షి గుసగుసగా, "ఇక్కడే ఎక్కడో స్వామి పడుకుని ఉంటాడు." రెక్కలు కొట్టడం మానేసి గాలిమీద తేలుతూ వెళ్ళింది. సుకేతుడి ఒళ్ళు గగుర్పొడిచింది. ఏమీ కనబడలేదు, అయినా కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారాయి. చేతులు జోడించినవాడు, ఏడోదైన మంచినీళ్ళ సముద్రం వచ్చేదాకా దించలేదు.

దాని అవతల బంగారు దీవి. ఆకాశాన్నంటే కాసుల కొండ. దాని మొదట్లో బంగారు బొమ్మలు వందలు వందలు. వాటిలో రెండు అన్నలవే! ఉత్తరీయంలో కాసులు మూటగట్టుకుంటూ అలాగే బిగుసుకుపోయారు. సుకేతుడు వాళ్ళను పట్టుకుని భోరుమన్నాడు.

"ఏడ్చి లాభం లేదు. ముడుపు తప్ప రవ్వంత బంగారం కూడా తీసుకోకు. తీసుకున్నావో, వీళ్ళ పక్కన నువ్వూ నిలబడతావు" అంది పక్షి.

అంత కొండలో చిన్న మూట ఎలా వెతకడం? నీరసమొచ్చి కూర్చుని, మళ్ళీ గుప్పెడు అటుకులు పక్కన పెట్టాడు. చీమల బారు వచ్చింది. వాడి బాధ విని చీమలరాణి పకపకా నవ్వింది.

"ఓస్, ఇంతేనా? పసుపంటే మాకు పడదు. కొండంతా పాకుతాం. మేం ఎక్కడ కాలు పెట్టమో అక్కడ చూసుకో" అంది.

చూస్తుండగానే కొండంతా నల్లబడిపోయింది. నడుమ గుప్పెడంత చోటు మాత్రం తళతళలాడుతూ మిగిలింది. అక్కడ చెయ్యి పెట్టి లాగితే పసుపుగుడ్డ! కాసులన్నీ అందులోనే ఉన్నాయి. వాడు గుండెలకు హత్తుకున్నాడు.

"ఆగరా అబ్బాయ్!" స్వర్ణకేతుడు ఎదురుగా నిలబడ్డాడు. "మొక్కు తప్పిన సొమ్మే నా బంగారానికి విత్తనం. అదొక్కటీ వదిలెయ్. ఈ కొండంతా నీది, నీ అన్నలూ నీవాళ్ళే. మీ ఊళ్ళో ఆకలన్నది లేకుండా చేసుకో. స్వామికి ఇంటికెళ్ళి ఇంకో ముడుపు కట్టుకో, పదింతలు పెద్దది."

సుకేతుడి మనసు ఊగింది. అన్నలు కళ్ళెదుటే ఉన్నారు మరి. "మూడు పూటలు గడువివ్వండి" అన్నాడు. లొంగిపోతున్నాడనుకుని వాడు మీసం దువ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ కొండ పక్కనే మాంత్రికుడి మేడ. అక్కడ ఇందీవర అని, వాడు చెరబట్టిన ఒక రాజకుమార్తె సుకేతుడికి అన్నం తెచ్చింది. అక్కడే పంజరంలో ఒక చిలుక ఉంది. ముత్యాలు తప్ప తిండి ఎరగదు. "నాది, నాది" అని ఒకటే అరుపు.

"మాంత్రికుడి ప్రాణం ఈ చిలుకలోనే ఉంది. ఆ ఒక్క మాటే నేర్పాడు. ఇది ఇంకో మాట పలికిన రోజే వాడికి చివరిరోజు" అని ఆమె గుసగుసలాడింది.

సుకేతుడికి ఆ మాట సరిగ్గా చెవికెక్కలేదు. తల నిండా బంగారమే. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. అప్పుడు ఉలిక్కిపడ్డాడు. మొదటి ముద్ద తియ్యలేదు! పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మరచిపోనిది! ఆనక పదింతలు ఇద్దామని నాన్నా ఇలాగే అనుకున్నాడు కదా. వాడికి సిగ్గుతో ఏడుపొచ్చింది. ముద్దను పంజరం పక్కన పెట్టి, "స్వామీ, ఇది నీది. నాకు ఆ కొండ వద్దు" అన్నాడు.

చిలుక ఆ ముద్ద రుచి చూసింది. అన్నం ఎలా ఉంటుందో దానికి అప్పుడే తెలిసింది. రెండో పూట సుకేతుడు అన్నం పెడుతూ ఆ మాటే అంటుంటే మెడ వంచి విన్నది. మూడో పూటకు మాంత్రికుడు వచ్చి నిలబడ్డాడు.

"ఏం తేల్చుకున్నావు?"

సుకేతుడు అన్నం కలిపాడు. ముద్ద తీసి పంజరం పక్కన పెట్టాడు. వాడు నోరు తెరవకముందే చిలుక రెక్కలు ముడుచుకుని, పసిపిల్ల గొంతుతో, "స్వామీ, ఇది నీది" అంది.

"నాది అను! నాది అనవే!" అని స్వర్ణకేతుడు కేక పెట్టాడు. మళ్ళీ అంది చిలుక, "స్వామీ, ఇది నీది." వాడి ప్రాణం వాడి చేతిలోంచి స్వామి చేతిలోకి వెళ్ళిపోయింది. ఉన్నచోటే వాడు పొడిపొడిగా రాలిపోయాడు. కాసుల కొండ ఇసకై జారింది. బొమ్మలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. అన్నలు తమ్ముణ్ణి కావలించుకున్నారు. పంజరం తలుపు తీయగానే చిలుక పాలసముద్రం వైపు ఎగిరిపోయింది.

గండభేరుండం అందరినీ వీపున ఎక్కించుకుని కుంకుమగిరిలో దింపింది. ఖజానా కూడా ఇసకైపోయిందని రాజుకు చింత లేదు. రాణి పక్కనే కూర్చుని చిక్కిశల్యమయ్యాడు. సుకేతుడు ముడుపును ఆయన ముందుంచాడు.

"నువ్వే చెల్లించు, నాన్నా. నాకు ముట్టుకోవడానికి మొహం చెల్లదు" అన్నాడు రాజు.

"మొక్కింది మీరు, నాన్నగారూ. మీరే చెల్లించాలి."

రాజు ముడి బిగించి, ముడుపు నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా కొండెక్కాడు. ముడుపును హుండీలో వేశాడు. "స్వామీ, ఇది నీది" అన్నాడు. ఎవరూ లాగకుండానే గంట మోగింది. ఆ మోత కొండ దిగి, కోట దాటి రాణి చెవిని పడింది. ఆమె కళ్ళు తెరిచింది.

"ఇంతలా చిక్కిపోయావేం, సుకేతా? అన్నం తిన్నావా?" అంది.

సుకేతుడికీ ఇందీవరకూ అదే కొండమీద పెళ్ళయింది. అన్నలే ముందుండి వాడికి పట్టం కట్టారు. తల నెరిసేదాకా వాడు చల్లగా ఏలాడు. వాడి ఖజానా ఎప్పుడూ కప్పుదాకా నిండలేదు. కానీ ఆ రాజ్యంలో ఏ ఇంటికి వెళ్ళినా, ఎంత పేదవాడైనా సరే, మొదటి ముద్ద పక్కకు తీసేవాడు. ఏ పొద్దు చూసినా ఆ ముద్ద తినడానికి ఎవరో ఒకరు వచ్చేవారు.