నాంచారి పొడిచిన బొమ్మ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త బాలవ్వ. ఆమె చెప్పినట్టే చెబుతాను. ఇంకోలా విన్నవాళ్లు తప్పు విన్నారు.

కొండలు ఇంకా మెత్తగా ఉన్న కాలం. చాకలోళ్లకు ఒక పటం ఉండేది. పొడుగాటి బట్ట, దాని నిండా వాళ్ల కులం కథ బొమ్మలుగా. చివరి బొమ్మలో దొర తాత దాహానికి అల్లాడి, వంగి, చాకలి సాయవ్వ దోసిట్లో నీళ్లు తాగుతుంటాడు.

"మా తాత వంగుడా?" అన్నాడు దొర. "కాలబెట్టుండ్రి. మళ్ల ఆ బొమ్మ ఎవరు చేసినా వేళ్లు తియ్యుండ్రి."

పటం కాలింది. పొగలో ఏనుగులు నడిచిపోయాయి, గుర్రాలు నడిచిపోయాయి, సాయవ్వ నడిచిపోయింది. పటం గీసిన గట్టయ్య ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

ఊరూరూ తిరిగి పచ్చబొట్లు పొడిచే నాంచారి మాత్రం ఆ బూడిద కొంగులో ఎత్తుకుంది.

"బూడిదెందుకే?" అన్నారు చాకలి ఆడవాళ్లు.

"బొమ్మలు అండ్లనే ఉన్నయి గదా. చేతులు చాపుండ్రి."

బూడిదను చనుబాలతో నూరింది. ఒకామె చేతికి ఏనుగు పొడిచింది, ఒకామెకు గుర్రం, ఒకామెకు వాగు. నొప్పి తెలియకుండా పటం కథే పాటగా పాడింది.

చివరి బొమ్మకు ఎవరూ చేయి చాపలేదు. పెద్దామెను అడిగింది.

"నా కొడుకు దొర గడీల జీతముంటడు."

నడిపామెను అడిగింది.

"మా ఇంటాయన ఊకోడు."

చిన్నామెను అడిగింది.

"సూదికి ఓర్సుకుంట అక్కా, దొరకు ఓర్వలేను."

"సరే తియ్యి," అని నాంచారి తన ఎడమచేతికి తానే పొడుచుకుంది.

దొర మనుషులు చూడనే చూశారు. "ఏందే ఇది?"

"పచ్చబొట్టు అయ్యా. కావాల్నంటే తోలుతోని తీస్కపోండ్రి."

సూది పట్టిన చేతి వేళ్లు తీశారు. ఆ గాయం మానలేదు. జొన్నలు కోతకు వచ్చే వేళకు నాంచారి పోయింది.

ఆమెకు నా అన్నవాళ్లు లేరు. చాకలి ఆడవాళ్లే చివరి స్నానం చేయించారు. నీళ్లు పోస్తుంటే, చేతి మీది దొర తాత ఆ నీళ్లే తాగుతున్నట్టుందట. పెద్దామె చాలాసేపు చూసింది. తర్వాత నాంచారి సూది తీసి నడిపామెకిచ్చి, తన చేయి చాపింది. తర్వాత నడిపామె. తర్వాత చిన్నామె. తర్వాత వాడలో ఆడవాళ్లంతా.

ఇప్పటికీ మా దిక్కు ఆడపిల్లకు మొదట పొడిపించేది ఆ బొమ్మే. కథ చెప్పే రోజు ఆడవాళ్లు చేతులు చాపి వరుసగా కూర్చుంటారు. కథ ఒక చేయి మీంచి ఇంకో చేయి మీదికి నడుస్తుంది.

కానీ దాన్ని అందరూ దొరబొమ్మ అంటున్నారు, అలాగే రాస్తున్నారు. గట్టయ్య మనుమలైతే మా తాత చేసిందేనంటారు. తలుపేసుకున్నోడు ఏం చేస్తాడు? నాకు సంతకం వరకే వచ్చు. చదువుకున్నవాళ్లు ఎవరైనా ఆ పేరు కొట్టేసి, నాంచారి బొమ్మ అని సరిగ్గా రాయండి.